గడ్డపార: పేరు వెనుక మనుషులు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఏడాదికి ఒక్కసారైనా తవ్వని గల్లీ ఉండదేమో. నల్లా పైపుకని ఒకసారి, డ్రైనేజీకని ఇంకోసారి, కేబుల్‌కని మరోసారి. అట్లాంటి ఏ గుంత దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడి వింటే ఒక విచిత్రం తెలుస్తుంది. అక్కడున్నది ఒకే ఇనుప కడ్డీ. పాలమూరు నుంచి వచ్చిన కూలీ దాన్ని 'గడ్డపార' అంటాడు. హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడే మేస్త్రీ 'సబ్బల్ లావ్' అని అరుస్తాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి 'గునపం జాగ్రత్త, పైపు పగులుతుంది' అంటాడు. మూడు పేర్లు, ఒకటే పనిముట్టు. దాన్ని ఎత్తి పొడిచే చెయ్యి మాత్రం కడ్డీని ఎవరే పేరు పెట్టి పిలిచినా మారదు. ఆ చేతికీ ఈ పేర్లకూ ఉన్న సంబంధమేమిటన్నదే ఈ వ్యాసం.

ముందు వస్తువును చూద్దాం. గడ్డపార నిలువెత్తు ఇనుప కడ్డీ. ఒక కొస మొన దేలి ఉంటుంది, రెండో కొస ఉలి మాదిరి బల్లపరుపుగా ఉండవచ్చు. దాని బరువే దాని బలం. ఎత్తి వదిలితే నేలలోకి దిగుతుంది, వంచితే పెడ్డ లేస్తుంది. లేచిన మట్టిని తోడేది పార. పార తోడిన మట్టిని మోసేది తట్ట. ఈ మూడూ కలిస్తేనే మట్టిపని. చాలా గుంతల దగ్గర గడ్డపార మొగవాళ్ల చేతిలో, తట్ట ఆడవాళ్ల నెత్తిన ఉంటుంది.

ఇక పేరు. 'పార' అచ్చంగా ద్రావిడ పదం. తమిళంలో 'పారై', మలయాళంలో 'పార', కన్నడంలో 'హారె'. మన పాలు, పులి కన్నడంలో హాలు, హులి అయినట్టే ఇక్కడా ప-కారం హ-కారమయింది. బరో, ఎమెనో ఇద్దరూ 1961లో అచ్చువేసి, 1984లో సవరించి పెంచిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇలాంటి చుట్టరికాలు వేల కొద్దీ కనిపిస్తాయి. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తమిళ, కన్నడ, మలయాళాల్లో ఆ మాటకు అర్థం కడ్డీ. తెలుగులోకి వచ్చేసరికి అది మట్టి తోడే రేకు పనిముట్టుకు వాడుకయింది. కడ్డీకి 'గడ్డ' అనే ముందుమాట తగిలించాల్సి వచ్చింది. తమిళంలో కూడా 'కడప్పారై' అనే జంటమాట ఉంది. మన తెలుగులో గడ్డ అంటే మట్టిపెడ్డ, ఉల్లిగడ్డలో వలె నేలలో ఊరే దుంప కూడా. ఈ రెండింటినీ పెళ్లగించేది గడ్డపార అని పని చేసేవాళ్లు చెప్పే అర్థం. ఆ అర్థం వాళ్ల అనుభవంలో నుంచి వచ్చింది కాబట్టి దానికి విలువుంది.

తెలుగు నేలలోనే దీనికి ఇన్ని పేర్లెందుకు? గడ్డపార, గడ్డపలుగు, పలుగు, గునపం; పార, చెలగపార; తట్ట, గంప. బడిపుస్తకాలు చాలాకాలం వీటిలో ఒక ప్రాంతపు మాటను 'సరైన తెలుగు' అనీ, మిగతావాటిని 'యాస' అనీ నేర్పాయి. ఈ లెక్కను తలకిందులు చేసిన పని ఒకటి జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని, వ్యవసాయ పదాలతో, తెచ్చింది. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. జిల్లా జిల్లాకూ పోయి, పని చేసేవాళ్ల నోటి నుంచే మాటలను పోగుచేశారు. ఆ మాటలను బట్టే తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విడదీసి చూపగలిగారు. కావ్యాలు చదివితే దొరకని విషయం ఇది. సేద్యగాడి మాట, కూలీ మాట చెప్పాయి. కానీ మాట ఇచ్చిన మనిషి కులమేదో, ఆ పనిలో అతనికి దక్కిందేమిటో అలాంటి కోశాల్లో పెద్దగా కనబడదు. భాషాశాస్త్రం వదిలేసిన ఆ ఖాళీ మనం పూరించుకోవాల్సిందే.

అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉండే నగర కేంద్ర గ్రంథాలయంలోనో, మరెక్కడైనానో సంస్కృత నిఘంటువు చేతికి దొరికితే 'కుద్దాల' అన్న మాట తీయండి. తవ్వే పనిముట్టు అని అర్థం ఇస్తుంది. మన 'గుద్దలి' దాని నుంచే వచ్చిందని పంతులు చెప్తాడు. తమిళంలో 'కుందాలి', కన్నడంలో 'గుద్దలి' ఉన్నాయి. ఈ మాట ద్రావిడ భాషల నుంచే సంస్కృతానికి పోయిందని వాదించిన పండితులు బరో మొదలుకొని చాలామంది ఉన్నారు. రుగ్వేదంలో తవ్వే పనిముట్టు 'ఖనిత్రం'. అదే రుగ్వేదంలో నాగలికి వాడిన 'లాంగల' మాత్రం ఆర్యభాషలది కాదని, ద్రావిడమో ముండానో అయి ఉంటుందని భాషాశాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. దున్నడం, తవ్వడం ఎవరి దగ్గర నేర్చుకున్నారో మాటలే సాక్ష్యం చెప్తున్నాయి.

అమరకోశంలో ఇంకో ముచ్చట ఉంది. హిందీ 'సబ్బల్'కు మూలంగా చూపే 'సర్వలా' అన్న మాట అక్కడ క్షత్రియవర్గంలో, తోమరం అనే ఈటెతో జంటగా, ఆయుధంగా కనిపిస్తుంది. తవ్వే 'ఖనిత్రం' వైశ్యవర్గంలో ఉంది. చండాలుడి పేర్లు శూద్రవర్గంలో. అంటే ఆ కోశకారుడి అలమరలో కడ్డీ ఒక అరలో, తవ్వుడు పనిముట్టు ఇంకో అరలో, అట్టడుగు మనిషి మరో అరలో ఉన్నారన్నమాట. పనిముట్టుకు మనిషి కంటే పైమెట్టు దక్కింది.

బౌద్ధం దగ్గరకొస్తే లెక్క మారుతుంది. జాతక కథల్లో డెబ్బయ్యోది కుద్దాల జాతకం. అందులో బోధిసత్వుడు రాజు కాదు, బ్రాహ్మడు కాదు. కూరగాయలు పండించి బతికే పేదవాడు. ఆస్తి అంటే ఒక్క పారే. అందుకే జనం అతన్ని 'కుద్దాల పండితుడు' అన్నారు. సన్యాసం తీసుకుంటాడు, పార యాదికొచ్చి మళ్లీ ఇంటికొస్తాడు. ఇట్లా ఆరుసార్లు. ఏడోసారి అది ఎక్కడ పడిందో తనకే కనపడకుండా కళ్లు మూసుకుని నదిలోకి విసిరేసి, 'గెలిచాను' అని కేకపెడతాడు. యుద్ధం గెలిచి వస్తున్న రాజు ఆ కేక విని ఆగుతాడు. కథ చెప్పే నీతి ఆశ మీద గెలుపు గురించి. నాకు మాత్రం పేరు దగ్గరే మనసు ఆగుతుంది. పారను పేరులో పెట్టుకుని పండితుడైనవాడు మన కథాసాహిత్యంలో ఇంకెవరున్నారు? మన ఊళ్లలో పనిముట్టుతో మనిషిని పిలవడమంటే తక్కువ చేయడమే.

తవ్విన మనుషులెవరు? తెలుగు నేలలో చెరువులు, కాలువలు, బావులు, రోడ్లు తవ్విన కులమంటే ముందు చెప్పాల్సింది వడ్డెరలు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో చెరువు తవ్వకం, బావి తవ్వకం, రోడ్ల పని వీళ్ల వృత్తులుగా నమోదయ్యాయి. రాయి కొట్టేవాళ్లు, మట్టి పని చేసేవాళ్లు అనే రెండు శాఖల సంగతి కూడా ఉంది. ఓడ్రదేశం నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు అంటారు. గడ్డపార ఒకటే అయినా రాష్ట్రపు ఎల్ల దాటితే వీళ్ల ప్రభుత్వ హోదా మారిపోతుంది: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బి.సి.-ఎ, కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డ్ కులం.

వడ్డెరలు ఒక్కరే కాదు. తెలంగాణ ఊళ్లలో చెరువు తూము దగ్గర ఉండి పార పట్టుకుని మడిమడికీ నీళ్లు తిప్పిన నీరడి చాలాచోట్ల మాల కులస్థుడే. కాలువంతా అతని పార మీద నడిచింది, పొలం మాత్రం అతనిది కాదు. ఊళ్లో ఎవరు చచ్చినా బొంద తవ్వే పని మాల మాదిగల మెడకే చుట్టారు. ఈ మూడు పేటల పక్కనుంచే మూసీ వైపు పోయే నాలాలోకి నీళ్లొదిలే హుస్సేన్‌సాగర్‌ను 1562 ప్రాంతంలో కట్టారు. కట్టించిన సూఫీ హుస్సేన్ షా వలీ పేరు చెరువుకు నిలిచింది. పార పట్టినవాళ్లలో ఒక్కరి పేరూ నిలవలేదు. అన్నట్టు, కోస్తాలో 'గూడెం' అంటే చాలా ఊళ్లలో వెలివాడ. ఇక్కడ నారాయణగూడ అంటే కాలేజీలు, కిరాయిలు మండిపోయే బస్తీ. మాట తీరు అట్లా ఉంటుంది, నేల ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అర్థమే తెచ్చుకుంటుంది.

ఇంగ్లీషువాళ్లూ ఈ మాటలను వదల్లేదు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'మమూటీ' ఉంది, 'ఫౌరా' ఉంది. మొదటిది తమిళ 'మణ్‌వెట్టి', అంటే మన్ను నరికేది. మద్రాసు వైపు రోడ్ల పనుల్లో అది ఇంగ్లీషు మాటగానే చెలామణి అయింది. కూలీలతోపాటు సింహళం చేరి అక్కడి ఇంగ్లీషులోనూ పాతుకుపోయింది. రెండోది ఉత్తరాది 'ఫావ్‌డా', మన మేస్త్రీ నోట ఇప్పటికీ ఉన్నదే.

ఇక్కడొక హెచ్చరిక. 'మణ్‌వెట్టిలోని వెట్టి, మన వెట్టిచాకిరీలోని వెట్టి ఒకటే గదా' అని సభల్లో ఎవరో ఒకరు అడుగుతుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ కాదు. తమిళంలో 'వెట్టు' అంటే నరకడం. మన 'వెట్టి' మాత్రం సంస్కృత 'విష్టి' నుంచి వచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో విష్టి అంటే రాజ్యం కూలి లేకుండా చేయించుకునే పని. తవ్వే మాటను ఇచ్చింది పనివాళ్లు, ఉచితంగా తవ్వించుకునే మాటను ఇచ్చింది పాలకులు. రెంటినీ కలిపేస్తే మనకే నష్టం. వెట్టికి హిందుస్తానీ మాట 'బేగార్'. రాజ్యాంగం 23వ అధికరణం ఇంగ్లీషు పాఠంలో కూడా అదే మాట యథాతథంగా ఉంది, దాన్ని నిషేధిస్తూ.

ఇంక సామెతలు, పత్రికలు. 'గడ్డపారలు మింగి శొంఠి కషాయం తాగినట్టు' అనే సామెతలో గడ్డపార జీర్ణం కానిదానికి గుర్తు. 'గుండెల్లో గునపం' అనేది పత్రికల శీర్షికల్లో అరిగిపోయిన మాట. అక్కడ గునపం దింపేవాడు ద్రోహి. బావిలో నీళ్లు తెచ్చిన గునపం, పునాది తీసిన గునపం భాషలోకి ఎక్కలేదు. పని చేయించుకున్నవాళ్ల కళ్లతో చూస్తే పనిముట్టు అట్లాగే భయంగా కనబడుతుంది కాబోలు.

ఇదంతా నిఘంటువుల చర్చ అనుకోవద్దు. గడ్డపార పేరు కూలి లెక్కలోకి కూడా వస్తుంది. ప్రభుత్వ మట్టిపనుల్లో నేలను రకాలుగా విడదీస్తారు. భారతీయ ప్రమాణం 1200 మొదటి భాగంలో మెత్తని నేల అంటే ఏమిటో పనిముట్టుతోనే చెప్పారు: పికాసు, షవల్, ఫావ్‌డా, రేక్ మామూలుగా వేస్తే లొంగే నేల. గట్టి నేల అంటే పికాసులు, జంపర్ కడ్డీలు దగ్గరదగ్గరగా వేస్తే తప్ప వదులుకానిది. మెత్తని నేలకు ఘనపు మీటరుకు ఒక రేటు, గట్టి నేలకు దానికంటే ఎక్కువ రేటు. యాభై మీటర్ల దూరం, మీటరున్నర ఎత్తు వరకూ మట్టి మోసి పోయడం కూడా ఆ రేటులోనే కలిసి ఉంటుంది. తట్ట మోసిన ఆడమనిషి శ్రమ అట్లా ఒక వాక్యంలో ఇమిడిపోయింది.

నేల ఏ రకమో నిర్ణయించేది పని మీదున్న ఇంజనీరు, అతని మాటే ఆఖరు. రోజుకూలీకి అడ్డా మీద మాట్లాడుకున్న డబ్బే వస్తుంది, రకం పెరిగినా తరిగినా ఆ తేడా కాంట్రాక్టరుది. గుత్తకు తవ్వే ముఠాకు మాత్రం ఆ ఒక్క మాట మీదే నెల బతుకు ఆధారపడుతుంది. పొద్దున్నే గుంతలో దిగినవాళ్లు గడ్డపార పడనిదే చెయ్యెడు లోతు పోలేదంటారు. సాయంత్రం కొలతల పుస్తకంలో అది 'మెత్తని నేల' అవుతుంది. అలాంటి పుస్తకం రాసే ఉద్యోగాలకే అశోక్‌నగర్ గదుల్లో పిల్లలు చదువుతున్నారు. వాళ్లలో ఎంతోమంది అమ్మానాన్నలు ఇంటి దగ్గర గడ్డపార పట్టినవాళ్లే.

కూలీ సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక సూచన. ఈసారి రోడ్డు తవ్వే చోటికి పోతే, మట్టి కొలిచే ముందు గుంత దగ్గర ఏ పనిముట్లు ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో తేదీతో సహా రాసి పెట్టండి. ఎన్ని పారలు, ఎన్ని గడ్డపారలు, రోజులో ఎన్నిసార్లు మొన సాన పట్టించారు, ఆ సాన ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. నేల రకాన్ని పనిముట్టుతో నిర్వచించింది ప్రభుత్వ పుస్తకమే కాబట్టి, మొన అరిగిన గడ్డపారను ఇంజనీరు ముందు సాక్ష్యంగా పెట్టవచ్చు.