పెనాల్టీ వద్దన్నా లాభమే

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత పట్టి పరుగెత్తుతారు. మన ఊళ్ళలో ఆడే ఫుట్‌బాల్ వేరు. ఎన్.ఎఫ్.ఎల్. పోటీలలోని ఏడుగురు నిర్ణేతలలో తప్పును చూసినవారు పసుపు గుడ్డ విసురుతారు. పెనాల్టీ కావాలో వద్దో తప్పు చేయని జట్టే తేల్చుకోవాలి. చెప్పవలసినది కెప్టెన్, సైగ మాత్రం కోచ్‌ది.

పది గజాలు సాగడానికి దాడి జట్టుకు నాలుగు అవకాశాలు. మూడవదానిలో ఒకడు ప్రత్యర్థిని అక్రమంగా పట్టుకున్నాడు, విసిరిన బంతి ఎవరికీ చిక్కక నేల తాకింది అనుకుందాం. పెనాల్టీ కోరితే ఆ జట్టు 10 గజాలు వెనక్కి పోతుంది. కాని మూడవ అవకాశం తిరిగి దక్కుతుంది. వద్దంటే నాలుగవది ఒక్కటే మిగులుతుంది. కనుక ఎదుటి కోచ్ తరచు వద్దనే అంటాడు.

గోలు స్తంభాలు సమీపంలో ఉంటేనే చిక్కు. నాలుగవ అవకాశంలో బంతిని స్తంభాల మధ్యకు తన్ని 3 పాయింట్లు పొందగలరు. అప్పుడు ఆ 10 గజాల దూరమే విలువైనది. ఒకసారి చెప్పిన నిర్ణయాన్ని మార్చుకొనే వీలు లేదు.