ఫోన్‌లో చుక్క, పొలంలో గట్టు

శుక్రవారం మధ్యాహ్నం పులిహోర డబ్బా పట్టుకుని బర్వా అల్ బరాహా వెళ్ళాను. దోహాలో కార్మికులుండే పెద్ద వసతి సముదాయం అది. మా తమ్ముడు అక్కడే ఉంటూ సర్వే బృందంలో హెల్పరుగా చేస్తున్నాడు. కలవగానే ఊరి గొడవ చెప్పాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో మా కోనసీమ పొలాన్నీ కొలిచారు. గట్టు మూల అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో కొట్టి నాన్న నడిస్తే, చుక్క పక్క పొలంలో రెండు మీటర్ల లోపల చూపించిందట. మన నేల కలిపేసుకున్నారని నాన్న కోపం. ఏటా ఆవకాయ ఇచ్చిపుచ్చుకునే రెండిళ్ళ మధ్య ఇప్పుడు మాటల్లేవు.

తమ్ముడు ఒకటే అడిగాడు: “అక్కా, ఆ అంకెలు ఏ డేటమ్‌లోవి? ఏ తేదీవి?”

డేటమ్ అంటే కొలత మొదలుపెట్టే ఆధారం. ఖతార్ నేషనల్ గ్రిడ్‌కు 1995 నాటి జాతీయ డేటమ్ ఆధారం. జీపీఎస్ లెక్క వేరు. ఒకదాని అంకెల్ని రెండోదానిలోకి మార్చకుండా వాడితే పునాది వేరేచోట పడుతుంది.

తేదీ ఎందుకంటే, నేల కదులుతోంది. ప్రపంచమంతటికీ వాడే లెక్కలో చూస్తే హైదరాబాద్ ఏటా ఐదు సెంటీమీటర్ల పైచిలుకు, దోహా సుమారు నాలుగు, ఈశాన్యంగా జరుగుతున్నాయి. గట్టు, ఇల్లు, కొబ్బరిచెట్టు అన్నీ కలిసే వెళ్తాయి గనుక మనకు తెలియదు. కానీ ఇరవై ఏళ్ళ కిందటి తేదీకి కట్టిన అంకెను ఈరోజు వెతికితే, చుక్క అసలు మూలకు నైరుతిలో మీటరు దూరాన పడుతుంది. అందుకే సర్వేవాళ్ళు ఏటి కదలికను ఏళ్ళతో హెచ్చవేసి కలుపుతారు. ఆస్ట్రేలియా 1994 లెక్క నుంచి 2020 లెక్కకు మారినప్పుడు దేశమంతటి అంకెలూ సుమారు 1.8 మీటర్లు జరిగాయి. ఎవరి స్థలమూ తగ్గలేదు.

“పైగా ఫోన్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు తప్పుతుందక్కా. దాన్ని పట్టుకుని తగువేమిటి?” అన్నాడు.

మనలో చాలామందిమి ఊళ్ళో స్థలాన్ని ఫోన్‌లోనే చూసుకుంటాం. అనుమానమొస్తే అంకెల డేటమ్, తేదీ అడగండి. సర్వేయరు చేత రోవర్‌తో, ఇరువైపులవాళ్ళ ఎదుట కొలిపించండి.

రాత్రి నాన్నకు ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సర్వేయరు వచ్చేరోజు వాళ్ళనీ రమ్మంటానులే” అన్నారు.