లక్షా ఇరవై వేల మందికి ఒక ఆసుపత్రి: గండికోట నుంచి చూస్తే

గండికోటలో ఒక గర్భిణికి రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయనుకోండి. జమ్మలమడుగు దాదాపు 15 కిలోమీటర్లు. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ తప్పదని అక్కడ తేలింది. ఆ పూట మత్తు డాక్టర్ లేకపోతే ప్రొద్దుటూరుకు పోవాలి, ఇంకో 20 కిలోమీటర్లు. అక్కడా కుదరకపోతే కడప పెద్దాసుపత్రి, ఇంకో 50 పైచిలుకు. మొత్తం 85 దాటుతుంది. దారిలో ఆసుపత్రులు లేక కాదు ఈ ప్రయాణం. ఉన్న ఆసుపత్రిలో ఆ గంటకు కావలసిన మనిషి లేకపోతే చేయాల్సిన ప్రయాణం ఇది.

ఆసుపత్రులు పెంచాలని అందరూ అంటారు. పెంచడమంటే ఏమిటో అంకెలతో చూద్దాం.

మన దేశంలో ప్రభుత్వ వైద్యానికి కొలత జనం లెక్క. మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), లక్షా 20 వేల మందికి ఒక సీహెచ్‌సీ, అంటే 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం. కొండ, గిరిజన ప్రాంతాల్లో, చేరుకోవడం కష్టమైన చోట్ల ఈ సంఖ్యలు 3 వేలు, 20 వేలు, 80 వేలు. వినడానికి న్యాయంగానే ఉంది. తలకు తల సమానం కదా.

కానీ జనం అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉండరు. 2011 జనగణన ప్రకారం అప్పటి ఉమ్మడి కడప జిల్లాలో చదరపు కిలోమీటరుకు 188 మంది. పశ్చిమ గోదావరిలో 508 మంది. ఇప్పుడు లక్షా 20 వేలను ఈ రెంటితో భాగించండి. పశ్చిమ గోదావరిలో ఒక సీహెచ్‌సీ చూడాల్సిన నేల 236 చదరపు కిలోమీటర్లు. కడపలో 638. దాన్ని గుండ్రటి చక్రంగా ఊహించుకుంటే, నడిమధ్యన ఉన్న ఆసుపత్రి నుంచి చివరి ఊరికి గోదావరి జిల్లాలో 9 కిలోమీటర్లకు కాస్త తక్కువ, కడపలో 14కు పైనే. పీహెచ్‌సీ లెక్క కూడా ఇంతే: అక్కడ 4, ఇక్కడ 7.

ఇది కాకి ఎగిరే దూరం. ఎర్రమల కొండలు, పెన్న గండి, రిజర్వాయరు నీళ్లు చుట్టి వచ్చే రోడ్డు మీద ఆటో తిరిగే దూరం ఇంకా ఎక్కువ. పైగా ఆసుపత్రి నడిమధ్యన ఉండదు, మండల కేంద్రంలో ఉంటుంది. నిబంధనను అక్షరం పొల్లుపోకుండా పాటించినా రాయలసీమ మనిషికి దూరం ఒకటిన్నర రెట్లు పడుతుంది. ఎవరో మోసం చేయనక్కర్లేదు, కొలబద్దే చాలు.

ఊళ్లు ఇలా దూరదూరంగా పడటానికి కారణం నీళ్లు. చెరువు నిలిచిన చోట, బావి ఊరిన చోట ఊరు కట్టుకున్నారు. వాన చాలని నేలకు శిక్షగా వైద్యం కూడా దూరమైంది. కొండ ప్రాంతాలకిచ్చే 80 వేల కొలత ఇక్కడ వాడితే సీహెచ్‌సీ పరిధి 425 చదరపు కిలోమీటర్లకు, చివరి ఊరి దూరం పదకొండున్నరకు తగ్గుతుంది. గోదావరి జిల్లాతో సమానం కాదు, అయినా మేలే. సీమ మెట్టను 'చేరుకోవడం కష్టమైన ప్రాంతం' కిందనే లెక్కించాలి. ఇందులో నాకు సందేహం లేదు.

తలలు లెక్కపెట్టే పద్ధతికి ఇంకో లోపముంది. 2011 తర్వాత జనగణన లెక్కలు రాలేదు. ఈలోగా 26.85 టీఎంసీల గండికోట జలాశయం నిండింది. కొండాపురం మండలంలో తాళ్ల ప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగి, జనం పునరావాస కాలనీలకు చేరారు. పాత అంకెల్లో ఆ ఊళ్లు ఇంకా పాత చోటే ఉన్నాయి. కర్నూలు పడమటి మండలాలది మరో కథ. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా వేలమంది సుగ్గికి పోతారు. గుంటూరు మిరపచేలలో నెలల తరబడి ఉంటారు. గర్భిణి పేరు ఒక ఏఎన్ఎం రిజిస్టరులో ఉంటుంది, మనిషి ఇంకో జిల్లాలో ఉంటుంది. బిడ్డకు వేయాల్సిన టీకా ఊళ్లో ఐస్‌పెట్టెలో ఉంటుంది. గండికోటకొచ్చే పర్యాటకులైతే ఏ లెక్కలోనూ రారు. పర్యాటక అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషం. గండి అంచున కాలు జారినవారికి కట్టు కట్టే చోటు కూడా ఆ ప్రణాళికలో భాగం కావాలి.

మరి సీహెచ్‌సీ లోపల ఏముంది? అసలు ఇబ్బంది అక్కడే ఉంది. నిబంధన ప్రకారం ప్రతి సీహెచ్‌సీలో సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు కలిసి నలుగురు స్పెషలిస్టులు ఉండాలి. 2022 మార్చి 31 నాటికి దేశంలో గ్రామీణ సీహెచ్‌సీలు 5,480. కావలసిన స్పెషలిస్టులు 21,920 మంది. పనిచేస్తున్నది 4,485 మంది. నూటికి 80 కుర్చీలు ఖాళీ. సగటున ఒక్కో ఆసుపత్రికి ఒక్క స్పెషలిస్టు కూడా రాడు. భవనాలు కట్టాం, మనుషుల్ని పెట్టలేదు.

ఆ నలుగురూ, వారికి తోడు ఒక మత్తు డాక్టరూ ఉన్నారనే అనుకుందాం. వారానికి 168 గంటలు. ఒక డాక్టరు 48 గంటలు పనిచేస్తే 120 గంటలు మిగిలిపోతాయి. ఒక గైనకాలజిస్టు, ఒక మత్తు డాక్టరు ఒకే సమయంలో పనిచేసినా వారంలో నూటికి 29 గంటలే ఆపరేషన్ జరుగుతుంది. ఇద్దరేసి ఉంటే 57. రాత్రీపగలూ నడవాలంటే ఒక్కో విభాగానికి మూడున్నర మంది, సెలవులు కలుపుకుంటే నలుగురు కావాలి. నొప్పులు ఓపీ వేళలు చూసుకుని రావు కదా. 'మా దగ్గర గైనకాలజిస్టు ఉన్నారు' అని ఆసుపత్రి చెప్పే మాట నిజమే, కానీ వారంలో ఐదు రోజులకు సరిపడా గంటలు ఆ నిజానికి బయటే ఉన్నాయి.

అందువల్ల నలుగురు గైనకాలజిస్టులు దొరికినప్పుడు నాలుగు సీహెచ్‌సీలకు ఒక్కొక్కరిని పంచితే నాలుగు చోట్లా రాత్రిళ్లు రెఫర్ చీటీలే మిగులుతాయి. నలుగురినీ, వారికి తోడు మత్తు డాక్టర్లనూ, రక్తనిల్వనూ ఒక్కచోట పెడితే ఆ ఒక్కటి 24 గంటలూ పనిచేస్తుంది. నా మొగ్గు దీనికే. ప్రతి నియోజకవర్గానికీ సమానంగా పంచామని చెప్పుకోవడం తేలిక, ప్రాణం నిలిపేది మాత్రం పూర్తి జట్టు. దూరం పెరుగుతుంది కదా అంటారా? పెరుగుతుంది. దానికి విరుగుడు ఆంధ్రలోనే ఉంది. ఉత్తరాంధ్రలో సాలూరు దగ్గర కొండ మీది గిరిజన గర్భిణులను పురుడు దగ్గర పడగానే వసతి గృహానికి రప్పించి, భోజనం పెట్టి, ఆసుపత్రికి చేరువలో ఉంచారు. జమ్మలమడుగులోనో ఆదోనిలోనో అలాంటిది పెట్టడానికి కావలసింది ఒక ఇల్లు, ఒక వంటమనిషి, ఒక నర్సు.

మత్తు డాక్టర్లు దొరకరన్న మాటకు కూడా దారి ఉంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాల మత్తు శిక్షణ ఇచ్చే పద్ధతి పెట్టారు. నంద్యాలలో 2023లో వైద్య కళాశాల మొదలైంది, కర్నూలు వైద్య కళాశాలకు 1950ల నుంచి అనుభవముంది. ఆ శిక్షణ ఇవ్వడానికి చోటు లేదనలేం.

ఆపరేషన్ అవసరమయ్యేది కొందరికి. బీపీ, షుగరు మాత్రలు అవసరమయ్యేది ఊరూరా ఎందరికో. వాళ్ల లెక్క వేరు. 2025-26లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. నెలకోసారి మాత్రల కోసం పట్నం పోతే ఏడాదికి 12 కూలిరోజులు, 3,684 రూపాయలు. ముసలమ్మకు తోడు కొడుకో కోడలో పోతే 7,368. బస్సు ఛార్జీ, హోటలు భోజనం ఇందులో లేవు. ఉచిత వైద్యానికి సీమ కూలీ కట్టే ధర ఇది. అందుకే చాలామంది రెండు నెలలు మాత్రలు మాని, ఊరి ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని సరిపెట్టుకుంటారు.

ఈ దూరం తగ్గించే ప్రయత్నం జరగలేదనడం అన్యాయం. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. ఊళ్లోకే వచ్చే 104 సంచార వైద్య వాహనాలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి మొదలైంది. ఊరి క్లినిక్‌లో నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి, 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు, నెలకు రెండుసార్లు డాక్టరు. ఒక పీహెచ్‌సీ కింద ఆరు ఉపకేంద్రాలుంటే డాక్టరుకు నెలకు 12 రోజుల పని, రెండో డాక్టరు పీహెచ్‌సీలోనే ఉంటాడు. లెక్క కుదిరింది. ఇద్దరిలో ఒకరు బదిలీ అయినా, డిప్యుటేషన్ మీద పోయినా మొత్తం లెక్క చెదురుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడు బోర్డుల మీద పేర్లూ రంగులూ మారతాయి. మారకూడనిది ఆ నెలకు రెండు రోజులు.

కొలబద్ద ఎలా ఉండాలో వెతికితే అమెరికా నుంచి ఒక పాఠం దొరుకుతుంది. జాక్ గైగర్ అనే డాక్టరు దక్షిణాఫ్రికాలోని ఫోలేలాలో సిడ్నీ కార్క్ నడిపిన ఆరోగ్య కేంద్రాన్ని చూసి నేర్చుకున్నాడు. 1965లో కౌంట్ గిబ్సన్‌తో కలిసి బోస్టన్‌లో, ఆ తర్వాత మిసిసిపీలోని మౌండ్ బేయూలో పేదల కోసం కేంద్రాలు తెరిచాడు. మౌండ్ బేయూలో ఆకలితో ఉన్న కుటుంబాలకు మందుల చీటీ మీద తిండి రాసిచ్చారు, బావులు తవ్వించారు. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి కేంద్రాలు నడిపే దాదాపు 1,400 సంస్థలు 3 కోట్ల మందికి పైగా వైద్యం అందిస్తున్నాయి. అక్కడ వైద్యం అందని ప్రాంతాన్ని గుర్తించడానికి జనం సంఖ్య ఒక్కటే చూడరు. ఎంతమందికి ఒక డాక్టరు, శిశు మరణాలెన్ని, పేదలెందరు, 65 దాటినవారెందరు, ఈ నాలుగూ కలిపి నూటికి మార్కులు వేస్తారు. 62 గానీ అంతకు తక్కువ గానీ వస్తే అది అవసరమున్న ప్రాంతం. మనకు ఈ నాలుగింటికి తోడు ఐదోది కావాలి: రాత్రిపూట ఆపరేషన్ గదికి పట్టే సమయం.

కరవు నేలలో వైద్యం నిలబెట్టడం సీమకు కొత్త కాదు. 19వ శతాబ్దం చివర్లోనే లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టాడు, ఆయన పేరు ఇప్పటికీ దానికుంది. పక్కనే ఉమ్మడి అనంతపురం కరవు నేలలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రిని నిలబెట్టింది. వాన లేని చోట వైద్యం నిలవదనేది అబద్ధమని ఈ రెండూ చెబుతున్నాయి.

ఈ కథనం చదువుతున్నవారు కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో ఉంటే ఒక చిన్న పని చేయండి. మీ దగ్గరి సీహెచ్‌సీకి పోయి, ఎన్ని పడకలున్నాయని కాకుండా, ఈ వారంలో గైనకాలజిస్టు, మత్తు డాక్టరు ఇద్దరూ కలిసి ఏ గంటల్లో ఉంటారో అడగండి. ఆ గంటలను ఆసుపత్రి గేటు పక్కన గోడ మీద తెలుగులో రాయమని గ్రామసభలో, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో పట్టుబట్టండి. ఆ గోడ మీద 168 కనిపించేదాకా అడుగుతూనే ఉండండి.