బ్రిటిషు విమానవాహక నౌకలు

విమానము పైకెగురుటకు ముందు కొంతదూరము పరుగెత్తవలెను. దిగిన పిమ్మటను కొంతదూరము పరుగెత్తి ఆగవలెను. నేలపై ఇందుకు కావలసినంత చోటు కలదు. నడిసముద్రములో ఆ చోటు నొసగునది విమానవాహక నౌక. దాని పైభాగము చదునైన మైదానమువలె నుండును. దానిని డెక్కు అందురు. ఇట్టి నౌకలను నిర్మించుటలో ముందు నడచినవారు బ్రిటిషువారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వారు 'ఫ్యూరియస్' అను యుద్ధనౌక ముందుభాగమున డెక్కు నమర్చిరి. విమానములు దానిపైనుండి ఎగిరెడివే గాని, తిరిగి దిగుటకు వీలు లేకుండెను. 1917 ఆగస్టు 2వ తేదీన ఎడ్విన్ డన్నింగ్ అను వైమానికుడు, సాగిపోవుచున్న ఆ నౌక ప్రక్కగా తన విమానమును నడపుకొనివచ్చి, డెక్కు మీదికి ఓరగా జరిపి దింపెను. అచట నున్నవారు పరుగున వచ్చి దానిని చేతులతో పట్టి నిలిపిరి. సాగుచున్న నౌకపై విమానము దిగుట లోకమున నదియే ప్రథమము. అయిదు దినముల పిమ్మట మరల దిగబోవుచుండగా విమానము డెక్కు అంచు దాటి సముద్రమున బడెను. డన్నింగ్ మునిగి మరణించెను. అప్పటికి అతని వయస్సు 25 సంవత్సరములు.

డెక్కు నడుమ పొగగొట్టములు, గదులు ఉండరాదని అనుభవము నేర్పెను. 1918లో పూర్తియైన 'ఆర్గస్' నౌకకు ఆ కొననుండి ఈ కొనవరకు అడ్డులేని డెక్కు అమరెను. రెండవ ప్రపంచయుద్ధములో ఈ నౌకల శక్తి వెల్లడియయ్యెను. 1940 నవంబరు 11వ తేదీ రాత్రి 'ఇలస్ట్రియస్' నుండి ఎగిరిన 21 విమానములు ఇటలీ దేశపు టరాంటో రేవులో మూడు పెద్ద యుద్ధనౌకలను దెబ్బతీసెను.

తరువాత జెట్ విమానములు వచ్చెను. డన్నింగ్ నడపిన విమానము బరువు అరటన్నుకు కొంచెము మించును. 1960 దశాబ్దిలో వచ్చిన ఫాంటమ్ విమానము పూర్తి బరువు సుమారు 25 టన్నులు! డెక్కు చాలదయ్యెను. బ్రిటిషువారు మూడు ఉపాయములు కనిపెట్టిరి. ఆవిరి బలముతో విమానమును ముందుకు విసరు యంత్రము మొదటిది. దిగుచోటును నౌక పొడవునకు కొంచెము ఓరగా అమర్చుట రెండవది. ఇందువలన ఆగలేకపోయిన విమానము ఎదుట నిలిపిన విమానములను ఢీకొనక మరల పైకెగిరిపోగలదు. దిగవలసిన వాలును కాంతితో చూపు అద్దము మూడవది. అమెరికా మొదలగు దేశములును వీనిని స్వీకరించెను.

ఐనను విమానము మారినంత త్వరగా నౌక మారజాలదు. మార్చుటకు అపారమైన ధనము కావలెను. 1966లో బ్రిటిషు ప్రభుత్వము వ్యయభారమునకు వెరచి క్రొత్త పెద్దనౌక నిర్మాణమును మానుకొనెను. 'ఈగిల్' 1972లోను, 'ఆర్క్ రాయల్' 1979లోను సేవ నుండి విరమించెను.

1959లో సేవలో ప్రవేశించిన 'హెర్మెస్' నౌక ఫాంటమ్ విమానములకు చాలనంత చిన్నది. కాని కొద్దిపాటి పరుగుతో లేచు హారియర్ విమానములు దానికి మరల ప్రాణము పోసెను. వానికొరకు డెక్కు ముందుకొనను పైకి వంగునట్లు కట్టిరి. 1982లో జరిగిన ఫాక్లండు దీవుల యుద్ధమున అదియే బ్రిటిషు దళమునకు నాయకనౌక. పిదప భారతదేశము దానిని కొనెను. 1987లో 'విరాట్' అను పేరుతో మన నౌకాదళమున చేరి, దాదాపు 30 సంవత్సరములు సేవచేసి, 2017 మార్చి 6వ తేదీన విరమించెను. దానిని విశాఖపట్టణమున ప్రదర్శనశాలగా నిలుపవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తలచెను గాని, ఆ యత్నము ఫలింపలేదు. 2020లో గుజరాతులోని అలంగ్ తీరమునకు చేర్చి దానిని ముక్కలు చేయ నారంభించిరి.

2017 డిసెంబరులో సుమారు 65,000 టన్నుల 'క్వీన్ ఎలిజబెత్' బ్రిటిషు నౌకాదళమున చేరెను. హెర్మెస్ డెక్కువలెనే దాని డెక్కు ముందుకొనయు పైకి వంగియుండును. దానిపై దిగు విమానము నౌక ప్రక్కగా వచ్చి, గాలిలో నిలిచి, డెక్కు మీదికి అడ్డముగా జరిగి దిగును. నూరేండ్లకు పూర్వము డన్నింగ్ ప్రాణములొడ్డి పట్టిన త్రోవయు ఇట్టిదియే కదా! ఉక్కు నౌకలు కాలవశమున నశించును. సాహసవంతులు ఆర్జించిన విద్య తరువాతి తరమునకు దక్కును.