తాళం పడిన మేడలు, పునాదిలో ఆగిన ఇళ్లు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో గూడు కోసం వెతుకులాట

నెల్లూరు అనగానే పెన్నా నీళ్లు, వరిమళ్లు, రొయ్యల గుంటలు తలపుకొస్తాయి. ఆత్మకూరు దాటి వెలికొండల వైపు సాగితే ఆ పచ్చదనం పలచబడుతుంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు వానను నమ్ముకున్న ఊళ్లు. బోరు వేసినా చాలాచోట్ల పడేది ఫ్లోరైడు నీరే. 78 టీఎంసీల సోమశిల జలాశయం పక్కనే ఉన్నా ఈ ఎగువ మెట్టకు దాని నీళ్లు అందలేదు. అందుకే ఇక్కడివాళ్లు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై దారి పట్టారు. ఇంటిపనికీ డ్రైవర్ పనికీ కువైట్ వెళ్లినవాళ్లూ ఎందరో.

వాళ్లు పంపిన డబ్బుతో ఊళ్లలో మేడలు లేచాయి. వాటిలో కొన్నింటికి ఏడాదిలో ఎక్కువ నెలలు తాళమే. కొన్నింటిలో ముసలి తల్లిదండ్రులే దిక్కు. రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7కు తగ్గిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పుట్టేవాళ్లు తగ్గి, ఎదిగినవాళ్లు వెళ్లిపోతుంటే మెట్ట పల్లెలో చివరికి పెద్దవాళ్లే మిగులుతున్నారు.

ఇంకోవైపు గూడు లేనివాళ్లున్నారు. నెల్లూరు జిల్లాలో ఎక్కువగా కనిపించే యానాది గిరిజనుల్లో చాలామంది చెరువు కట్టల మీదా, పొలాల అంచునా పూరిగుడిసెల్లోనే బతుకుతున్నారు. చేతిలో కాగితం లేనివాడికి పట్టా రాదు, పట్టా లేనివాడికి ఇల్లు మంజూరు కాదు.

సెంటున్నరలో సంసారం

పేదల ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చారు. సెంటున్నర అంటే సుమారు 72 గజాలు. ఆ పథకంలో ఇంటికి ఇచ్చిన సాయం 1.80 లక్షల రూపాయలు. పునాదికి, గోడలకు, శ్లాబుకు విడివిడిగా బిల్లు పడుతుంది. ముందు చేతి డబ్బు పెట్టి పని ముగిస్తేనే ఆ బిల్లు. రోజుకూలీకి ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? అప్పు పుట్టనివాడి ఇల్లు పునాది దగ్గరే ఆగుతుంది. దళితులకు, బీసీలకు 50 వేలు, గిరిజనులకు 75 వేలు అదనంగా ఇస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించడమే 1.80 లక్షలు చాలలేదనడానికి సాక్ష్యం.

ఇల్లే పనిచోటు

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దుర్గం కొండల నుంచి తెచ్చిన చెక్కను ఆడా మగా ఇంటి దగ్గరే చెక్కి, నునుపు పట్టి, అమ్మకానికి సిద్ధం చేస్తారు. చెక్క ఆరబెట్టాలి, పొట్టు రాలాలి, పనిముట్లు పెట్టుకోవాలి. ఊరికి దూరంగా 72 గజాల స్థలాల కాలనీలోకి ఆ కుటుంబాన్ని పంపితే చేతివృత్తికి చోటెక్కడ? ఇంటి కొలతలు గీసేటప్పుడు ఆ ఇంట్లోవాళ్లు ఏ పని చేసి బతుకుతారో అడగాలి.

ఆత్మకూరుకు వలస

మెట్ట పల్లెలు ఖాళీ అవుతుంటే ఆత్మకూరు నిండుతోంది. డివిజన్ కేంద్రం, మున్సిపాలిటీ, నెల్లూరు నుంచి బద్వేలు వెళ్లే 67వ జాతీయ రహదారి, దగ్గర్లోని నారంపేటలో చిన్న పరిశ్రమల పార్కు... ఇవన్నీ జనాన్ని లాగుతున్నాయి. పిల్లల చదువు కోసం పల్లెలో సొంత ఇల్లు వదిలి ఇక్కడ బాడుగకు దిగే కుటుంబాలున్నాయి. పథకాలు ఎక్కువగా సొంత ఇంటినే లెక్కలోకి తీసుకుంటాయి. బాడుగ ఇంటి అవసరం దరఖాస్తుల్లో అంతగా కనిపించదు.

మూడు పనులు వెంటనే మొదలవ్వాలి. యానాది కుటుంబాల దగ్గరికి అధికారులే వెళ్లి కాగితాలు చేయించాలి. మొదటి బిల్లును పునాదికి ముందే చెల్లించాలి. తాళం పడిన ఇళ్లను యజమానుల ఒప్పందంతో పంచాయతీ పూచీపడి ఉపాధ్యాయులకు, నర్సులకు బాడుగకు ఇప్పించాలి. ఊళ్లో పంతులమ్మ, నర్సమ్మ కాపురముంటే పెద్దవాళ్లకు ధైర్యం ఉంటుంది, బడికి పిల్లలు మిగులుతారు. మేడలున్న మెట్టలోనే గుడిసెలు మిగలడం మనం మార్చగలిగిన విషయం. మార్చి తీరాల్సిన విషయం కూడా.