పాస్‌పోర్టును బట్టి జీతమా?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అదే సైటు, అదే ఎండ, అదే పని. జీతం మాత్రం ఏ దేశం పాస్‌పోర్టు అన్నదాన్ని బట్టి. ఇది జాతి వివక్ష కాదా?

అంతర్జాతీయ చట్టం ఇచ్చే జవాబు చేదుగానే ఉంటుంది. జాతి వివక్షను నిషేధించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1965 నాటిది. మన దేశం 1968లోనే దానికి ఒప్పుకుంది. కానీ తన పౌరులకూ పరాయివాళ్లకూ ఒక దేశం చూపే తేడాకు ఈ ఒప్పందం వర్తించదని మొదటి అధికరణమే అంటుంది. ఎవరిని రానివ్వాలి, ఎన్నాళ్లు ఉండనివ్వాలి అన్నది ఆ దేశపు సార్వభౌమాధికారం, అంటే తన గడప మీద చివరి మాట తనదే.

మరి పరాయివాళ్లలోనే ఒక దేశంవాళ్లను వేరుగా చూస్తే? 2017 జూన్‌లో యూఏఈ తమ దేశంలోని ఖతార్ పౌరులను 14 రోజుల్లో వెళ్లిపొమ్మంది. ఖతార్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 2021 ఫిబ్రవరి 4న 11 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఆరుగురు మరోవైపు నిలిచారు. ఒప్పందంలో ఉన్న ‘జాతీయ మూలం’ పుట్టుకతో వచ్చేదనీ, ఇప్పటి పౌరసత్వం అందులోకి రాదనీ తీర్పు. ఒప్పందం అమలును చూసే కమిటీ మాత్రం, పౌరసత్వాన్ని బట్టి చూపే తేడా కూడా ఒప్పందం కిందికి రావచ్చని చదివింది. నాకు కమిటీ మాటే న్యాయంగా తోస్తుంది.

అయితే దిక్కే లేదా? ఉంది. ఖతార్ 2021 మార్చి నుంచి ఏ దేశస్థుడికైనా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం ఖాయం చేసింది. బస, తిండి కంపెనీ ఇవ్వకపోతే 500, 300 అదనం.

మనవైపు ఉన్నది మినిమం రిఫరల్ వేజ్: ఇంతకంటే తక్కువైతే మా మనిషిని పంపం అని మన ప్రభుత్వం పెట్టే హద్దు. 2020 సెప్టెంబరులో యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు దాన్ని 200 డాలర్లకు దించారు. అప్పటి లెక్కన సుమారు రూ.14,700. గల్ఫ్ పోవడానికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష అప్పుకు నెలకు మిత్తే రూ.2,000. ఆ 200 డాలర్లు ఖతార్ 1,000 రియాళ్లతో పోలిస్తే నెలకు దాదాపు రూ.5,500 తక్కువ, రెండేళ్ల కాంట్రాక్టులో రూ.1.32 లక్షలు. అంటే తెచ్చిన అప్పు అసలు కంటే ఎక్కువ. మనవాళ్ల కష్టానికి మన ప్రభుత్వమే ధర తగ్గించడం తప్పు. కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021లో పాత వేతనాలే తిరిగి వచ్చాయి.

ఈ హద్దు పదో తరగతి పాసవని వాళ్ల ఈసీఆర్ పాస్‌పోర్టులకు, అంటే పనికి పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన పాస్‌పోర్టులకు, పనికొస్తుంది. ఆ క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు కాంట్రాక్టులోని జీతాన్ని చూస్తారు. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు తప్పించేది సరిగ్గా ఆ పరిశీలననే.