ఊహకు లొంగదు.. ఉపాయానికి లొంగుతుంది సుడోకు

పత్రిక ఊళ్లోకి రాగానే టీ హోటల్లోనూ, గ్రంథాలయంలోనూ ముందుగా చేతులు మారేవి వార్తల పేజీలు. ఆ తర్వాత కొందరు పెన్ను తీసి వెతికేది సుడోకు గళ్లనే. 'సులువు' అని వేసినది టీ చల్లారేలోగా పూర్తవుతుంది. 'కఠినం' అని వేసిన దాని దగ్గరే వస్తుంది పేచీ. సగం గళ్లు నిండాక పెన్ను ఆగిపోతుంది. ఏదో ఒక అంకె వేసి చూద్దామని తెగిస్తారు. చివరకు ఒకే వరుసలో రెండు ఏడులు తేలతాయి. కొట్టివేతలతో పేజీ పాడవుతుంది. వెనక చదవాల్సిన వాళ్లు విసుక్కుంటారు.

ఇది మన బుర్రకు ఎక్కేది కాదని చాలామంది అక్కడితో వదిలేస్తున్నారు. నిజానికి లోపం బుర్రలో లేదు. పద్ధతి తెలియకపోవడంలోనే ఉంది. ఈ ఆటకు పెద్ద చదువు అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు కూడా లేవు. అంకెలకు బదులు తొమ్మిది రకాల గింజలు పెట్టి ఆడినా ఆట మారదు.

నియమం ఒక్కటే. అడ్డంగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది, మొత్తం 81 గళ్లు. వాటిలో మూడు మూళ్ల తొమ్మిది గళ్లు కలిసి ఒక పెట్టె. అటువంటి పెట్టెలు తొమ్మిది. ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ, ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారి మాత్రమే రావాలి.

పుట్టింది అమెరికాలో, పేరు జపాన్‌లో

పేరు చూసి ఇది జపాన్ ఆట అనుకుంటారు. ఇప్పటి రూపంలో మొదట అచ్చయింది అమెరికాలో, 1979లో. 'డెల్' సంస్థ పజిళ్ల పత్రికలో 'నంబర్ ప్లేస్' పేరుతో వచ్చింది. దీన్ని తయారు చేసింది ఇండియానాకు చెందిన హోవార్డ్ గార్న్స్ అని తర్వాత తేల్చారు. ఆయన భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. అప్పటికి వయసు డెబ్బై దాటింది. పజిల్ మీద ఆయన పేరు వేయలేదు. 1989లో ఆయన కన్నుమూశారు. తన ఆట ప్రపంచమంతా తిరగడం చూడనే లేదు.

1984లో జపాన్‌లో 'నికోలి' సంస్థ ఈ పజిల్‌ను వేసింది. 'అంకెలు ఒంటరిగానే ఉండాలి' అనే అర్థం వచ్చేలా మాకి కాజి పెట్టిన పొడుగాటి పేరే కుదించుకుని సుడోకు అయింది. ఆయన 2021లో మరణించారు. హాంకాంగ్‌లో జడ్జిగా చేసి విరమించిన వేన్ గౌల్డ్ 1997లో టోక్యోలో ఒక పుస్తకాల షాపులో ఈ ఆటను చూశారు. ఏళ్ల తరబడి కూర్చుని, పజిళ్లను తయారు చేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. 2004 నవంబర్ 12న లండన్ 'టైమ్స్' పత్రిక ఆయన పజిల్‌ను అచ్చువేసింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే దేశదేశాల పత్రికలకు ఇది పాకింది. మన తెలుగు పత్రికల్లోకీ వచ్చింది.

2006లో ఇటలీలోని లుక్కాలో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. గెలిచింది చెక్ దేశానికి చెందిన అకౌంటెంట్ యానా టైలోవా. 2017లో ఈ పోటీకి మన దేశంలోని బెంగళూరే వేదిక అయింది.

ముందు అభ్యర్థుల జాబితా

కఠినమైన పజిల్‌కు తొలి మెట్టు, ప్రతి ఖాళీ గడిలో ఏయే అంకెలకు అవకాశం ఉందో పెన్సిలుతో చిన్నగా రాసుకోవడం. పంచాయతీ ఎన్నికల్లో వార్డుకు నామినేషన్లు వేసినట్టే ఇది. అడ్డు వరుసలోనో, నిలువు వరుసలోనో, పెట్టెలోనో ఇప్పటికే ఉన్న అంకెకు ఆ గడిలో పోటీకి అర్హత లేదు. మిగిలినవే అభ్యర్థులు. ఒక్కరే మిగిలితే ఏకగ్రీవం. ఆ అంకె వేసేయొచ్చు. ఇక మీదట చేసేదంతా అర్హత లేని వాళ్లను ఒక్కొక్కరినే ఏరివేయడం.

జంట ఉపాయం

ఒక అడ్డు వరుసలో రెండు గళ్లకు 3, 7 మాత్రమే అభ్యర్థులుగా మిగిలాయనుకుందాం. ఏది ఎక్కడ పడుతుందో ఇప్పుడే తెలియదు. కానీ ఆ రెండు గళ్లూ ఆ రెండంకెలవే. అన్నదమ్ములిద్దరికి రెండు మళ్లు రాసిచ్చినట్టు. ఎవరికి ఏ మడి అన్నది చీటీ తీసినప్పుడు తేలుతుంది. మూడో మనిషికి మాత్రం అందులో వాటా లేదు. కనుక ఆ వరుసలో మిగతా గళ్లన్నిట్లో 3, 7 కొట్టేయొచ్చు.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. ఒక వరుసలో 2, 9 అంకెలకు రెండే రెండు గళ్లలో చోటు ఉంది, అవి రెండూ అవే గళ్లు అనుకుందాం. అప్పుడు ఆ గళ్లలో రాసుకున్న మిగతా అభ్యర్థులను తీసేయాలి.

పెట్టె నుంచి వరుసకు

ఒక పెట్టెలో 4కు రెండే గళ్లు మిగిలాయి. ఆ రెండూ ఒకే అడ్డు వరుసలో ఉన్నాయి. ఆ వరుసకు రావలసిన 4 ఈ పెట్టెలోనే పడి తీరాలి. కాబట్టి అదే వరుసలో పక్క పెట్టెల్లో ఉన్న గళ్ల నుంచి 4ను తీసేయొచ్చు. నిలువు వరుసకూ ఇదే లెక్క.

మంచం కోళ్ల ఉపాయం

ఇంగ్లీషులో 'ఎక్స్ వింగ్' అనే ఈ ఉపాయానికి మంచం కోళ్లను గుర్తు పెట్టుకుంటే చాలు. మూడో అడ్డు వరుసలో 5కు రెండు గళ్లే ఉన్నాయి. ఒకటి రెండో నిలువు వరుసలో, ఇంకొకటి ఎనిమిదో నిలువు వరుసలో. ఏడో అడ్డు వరుసలోనూ 5కు ఆ రెండు నిలువు వరుసల్లోనే చోటు ఉంది. ఈ నాలుగు గళ్లు మంచానికి నాలుగు కోళ్లు.

మూడో వరుసలో 5 ఎడమ కోడు మీద పడితే, ఏడో వరుసలో కుడి కోడు మీద పడాలి. అక్కడ కుడి అయితే ఇక్కడ ఎడమ. ఎలా చూసినా ఎదురుమూలలే. అంటే రెండో నిలువు వరుసకు కావలసిన 5, ఎనిమిదో నిలువు వరుసకు కావలసిన 5 ఈ కోళ్ల మీదే ఉంటాయి. ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా గళ్లన్నిటి నుంచి 5ను కొట్టేయొచ్చు. ఇదే పనిని మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసల మీద చేస్తే దాన్ని 'సోర్డ్ ఫిష్' అంటారు. వెతకడం కష్టమే గానీ సూత్రం అదే.

మూడు గళ్ల మెలిక

ఇది ఇంకో మెట్టు పైది. అయిదో అడ్డు వరుస, అయిదో నిలువు వరుస కలిసే నడిమి గడిలో 2, 6 ఉన్నాయి. అదే అడ్డు వరుస చివరి గడిలో 2, 8 ఉన్నాయి. అదే నిలువు వరుస పై గడిలో 6, 8 ఉన్నాయి.

నడిమి గడిలో 2 పడితే చివరి గడికి 8 తప్పదు. 6 పడితే పై గడికి 8 తప్పదు. రెండింటిలో ఏది జరిగినా ఆ రెండు గళ్లలో ఒకచోట 8 ఉంటుంది. మొదటి అడ్డు వరుస, తొమ్మిదో నిలువు వరుస కలిసే మూల గడి ఆ రెండింటి హద్దులోనూ ఉంది. కాబట్టి అక్కడ 8 ఉండటానికి వీల్లేదు. నడిమి గడిలో ఏ అంకె ఉందో తెలియకుండానే మూల గడి సంగతి తేలింది. ఈ ఆటలో రుచి ఇక్కడే ఉంది.

అంకెలు తక్కువైతే కష్టమా?

ముందే వేసి ఇచ్చిన అంకెలు తక్కువగా ఉంటే పజిల్ కష్టమని చాలామంది అనుకుంటారు. అలాగని లేదు. ఏ ఉపాయం వాడాల్సి వస్తుందన్న దాన్ని బట్టే కష్టం ఉంటుంది. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాల్సిందేనని 2012లో డబ్లిన్‌కు చెందిన గ్యారీ మెక్‌గైర్ బృందం కంప్యూటర్ సాయంతో తేల్చింది. 81 గళ్లను నియమం తప్పకుండా నింపే విధాలు ఎన్నో 2005లోనే లెక్కగట్టారు. ఆ సంఖ్యలో 22 అంకెలున్నాయి. ఊహతో అంకెలు వేసుకుంటూ పోతే ఎందుకు దారి తప్పుతామో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

సుడోకు ఆడితే మతిమరుపు జబ్బు రాదని కొందరు అంటుంటారు. అంత ధీమాగా చెప్పడానికి లేదు. కానీ 'ఇది అవుతుంది' అనడానికీ, 'ఇది అయి తీరాలి' అనడానికీ తేడా ఏమిటో ఈ ఆట నేర్పుతుంది. కొలతలోనో, చిట్టాలోనో తేడా వచ్చినప్పుడు ఎదుటివారి మాట నమ్మి ఊరుకోకుండా ఒక్కో అంకెనూ సరిచూసుకునే అలవాటు ఎవరికైనా అవసరమే.

నేర్చుకోదలచిన వాళ్లు గళ్ల నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకుంటే మంచిది. పజిల్‌ను పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటే పత్రిక పాడవదు, పది మందికీ పనికొస్తుంది. వారానికి ఒక ఉపాయం చొప్పున సాధన చేయాలి. ముందు జంట, తర్వాత పెట్టె, ఆపైన మంచం కోళ్లు, చివరగా మూడు గళ్ల మెలిక. ఎక్కడైనా ఆగిపోతే జవాబు చూసేయకుండా, అభ్యర్థుల జాబితాను మొదటి గడి నుంచి మళ్లీ సరిచూసుకోవాలి. చాలాసార్లు కొట్టివేయడం మరిచిన ఒక్క అంకె వల్లే దారి మూసుకుపోయి ఉంటుంది.